సముద్రం అడుగు శుభ్రమని చెప్పే సర్టిఫికెట్ గారికి

శ్రీయుత క్లియర్ సీబెడ్ సర్టిఫికెట్ గారికి,

కాకినాడ జగన్నాథపురంలో పుట్టి, ప్రస్తుతం స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో, శబ్దంతో సముద్రం అడుగుని చూపించే సోనార్ బొమ్మలు చూసుకుంటూ బతుకుతున్న ఒక చిన్న ఉద్యోగి నమస్కరించి రాసుకున్నది. ఇక్కడ నేను క్షేమం. మీరు ఏ ఫైల్లో ఉన్నా క్షేమంగానే ఉంటారు. లామినేషన్ చేయించుకున్నవాళ్లకి ఏమవుతుంది?

మా వాళ్లకి మీ పేరు కొత్త. కుల ధ్రువీకరణ పత్రం తెలుసు, ఆదాయ ధ్రువీకరణ పత్రం తెలుసు, పింఛనుదారుడు ఇంకా బతికే ఉన్నాడని ఏటేటా నిరూపించుకునే లైఫ్ సర్టిఫికెట్ కూడా తెలుసు. సముద్రం అడుగు శుభ్రంగా ఉందని చెప్పడానికి కూడా ఒక కాగితం ఉందని మా నాన్నగారికి ఫోన్లో చెప్పాను. ఆయన పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి, కాగితాల సంగతి బాగా తెలిసినవారు. "ఎవరు దిగి చూశార్రా?" అన్నారు. దానికి జవాబు చెప్పడానికి నాకు అరగంట పట్టింది. అంతా విన్నాక ఆయన నవ్విన నవ్వే ఈ ఉత్తరం రాయిస్తోంది.

ఆయనకు చెప్పిన మీ జన్మవృత్తాంతం ఇదీ. నార్త్ సీలో ఒక చమురు క్షేత్రం ఎండిపోతుంది. కంపెనీ బావుల్ని సిమెంటుతో మూసేస్తుంది. బావి గొట్టాన్ని సముద్రపు నేల కంటే కనీసం 3 మీటర్లు లోతున కోసేస్తుంది. పైనున్న ప్లాట్‌ఫారాన్ని ఊడదీసి ఒడ్డుకు లాక్కుపోతుంది. ఆ తర్వాత చుట్టూ 500 మీటర్ల మేర, పైపులైను ఉంటే దాని దారి పొడవునా అటూ ఇటూ కొంత మేర, కింద పడి ఉన్న సామానంతా ఏరాలి. పరంజా గొట్టాలు, ఇనుప తాళ్లు, గొలుసులు, టైర్లు, ముప్పై నలభై ఏళ్ల పాటు ఎవరెవరి చేతుల్లోంచో జారిపోయినవన్నీ ఉంటాయి అక్కడ. ఏరడం అయ్యాక ఒక చేపల పడవ వస్తుంది. గొలుసులతో అల్లిన చాప లాంటిదాన్ని వెనక కట్టుకుని, పొలం దున్నినట్టు సాలు పక్కన సాలు వేసుకుంటూ ఆ మేరంతా లాగుతుంది. ఎక్కడా తగులుకోకపోతే మీరు పుడతారు.

అంటే తగులుకోలేదు కాబట్టి శుభ్రం! మా అమ్మమ్మ ఇల్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, ఆ తర్వాత మంచం కిందకి వంగి చూసేది. మీ పద్ధతే పాటించి ఉంటే పట్టుచీర కట్టుకుని గదులన్నీ ఒకసారి తిరిగొచ్చి, కొంగు ఎక్కడా చిరగలేదు గనక ఇల్లు అద్దంలా ఉందని ప్రకటించేది. పాపం ఆమెకి నడుంనొప్పి తప్పేది.

ఇక్కడ ఒక్క క్షణం వెటకారం ఆపుతాను. మీరు ఊరికే పుట్టలేదని నాకు తెలుసు. 1997 మార్చిలో అర్బ్రోత్ రేవుకు చెందిన వెస్ట్‌హేవెన్ అనే చేపల పడవ వల సముద్రం అడుగున పైపులైనుకు చిక్కుకుంది. పైపు కింద మట్టి కొట్టుకుపోయి, అది నేలకు అంటకుండా వంతెనలా వేలాడుతున్న చోట పట్టేసింది. పడవ మునిగింది. నలుగురు పోయారు. మా కాకినాడ రేవులో ఏ సోనా బోటు (ఇంజన్ పెట్టిన చేపల పడవ) సరంగుని అడిగినా చెప్తాడు, వల దేనికో పట్టేసి ఇంజన్ ముందుకు లాగుతుంటే ఆ నాలుగు నిమిషాలు ఎలా ఉంటాయో. వల తెగితే అప్పు, తెగకపోతే పడవ. కాబట్టి మత్స్యకారులు తమ గొలుసు తామే లాగి చూసుకుని నమ్ముతామంటే, ఏసీ గదిలో కూర్చుని బొమ్మలు చూసే నాలాంటివాడు కాదనడానికి అర్హుడు కాడు. నా పేచీ వాళ్లతో కాదు. ఆ ఒక్క ప్రశ్నకి వచ్చిన ఒక్క జవాబుని పట్టుకుని, సముద్రం మొత్తానికి స్నానం చేయించినట్టు తిరిగే మీతోనే.

మీకో చిత్రం చెప్తాను. ప్లాట్‌ఫారం ఉన్నన్నాళ్లూ దాని చుట్టూ 500 మీటర్లు భద్రతా వలయం. అనుమతి లేని పడవ లోపలికి రాకూడదు. అంటే నలభై ఏళ్ల పాటు అక్కడ ఎవరూ వల లాగలేదు. చేపలకు అది చెప్పకుండా దొరికిన సెలవు. ఇనుప కాళ్ల మీద రకరకాల జీవాలు అతుక్కుని ఇళ్లు కట్టుకున్నాయి. 1995లో పెద్ద గొడవకి కారణమైన, చమురు నిల్వ చేసే బ్రెంట్ స్పార్ తేలుతొట్టెని విప్పి చూసినప్పుడు దాని మీద లోఫీలియా అనే చల్లనీటి పగడం పెరుగుతూ కనిపించింది. సరే, కంపెనీ వెళ్లిపోయింది. ఆ చోటు ఎంత ప్రశాంతంగా ఉందో రుజువు చేయడానికి మొట్టమొదట మనం చేసేది ఏమిటి? నలభై ఏళ్లుగా ఎవరూ గీయని నేల మీద గొలుసుల చాప ఈడ్చడం. గర్భగుడి శుభ్రంగా ఉందో లేదో చూడటానికి ట్రాక్టర్ తోలినట్టు. తర్వాత నేను సోనార్ బొమ్మ తెరిచి చూస్తే ఆ నేలంతా దువ్వెనతో దువ్విన తలలా, పాపిట తీసి మరీ కనిపిస్తుంది.

ఈ మధ్య మీ పుట్టుకకు వేరే దారి కూడా ఒప్పుకుంటున్నారు. సోనార్‌తో, నీటి అడుగున తిరిగే రోబో కెమెరాతో చూసి, నేలని గీకకుండానే తేల్చవచ్చంటున్నారు. (ఇందులో నా పొట్టకూటి స్వార్థం ఉంది, దాచను.) అయితే బొమ్మలో కనపడేది వేరు, వలకి తగిలేది వేరు. యాంకరు లాగినప్పుడు లేచిన బంకమట్టి దిబ్బ నా బొమ్మలో ఒక చిన్న నీడ. దానిలోకి వల దిగబడితే మాత్రం దిబ్బా ఇనుమూ ఒకటే. అందుకే నా సంతకం ఒక్కటే సరిపోతుందని కూడా నేననను. మీరే అంటారు, ఏ సంతకం పడ్డా సరేనని.

అసలు మీ నిఘంటువులో 'శుభ్రం' అనే మాటకు అర్థం చూద్దాం. పైపులైను ఉంది. తీయాలంటే ఖర్చు. గాడిలో ఉండి, పైన 0.6 మీటరు మట్టి ఉంటే వదిలేయడానికి అడగవచ్చు. రెండడుగులన్న మాట. మా పెరట్లో కొబ్బరి మొక్క నాటడానికి ఇంతకంటే లోతు తవ్వుతాం. మట్టి చాలకపోతే పైన రాళ్లు పోస్తారు. చెత్త తీయడానికి వెళ్లి, దాని మీద మరో రెండు ఓడల రాయి పోసొచ్చి, శుభ్రం చేశామనడం మీ ఇళ్లల్లోనే చెల్లింది.

అమెరికాలో మీ దాయాదులు ఇంకా ఉదారులు. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో 1960ల నుంచి పనికిరాకుండా పోయిన పైపుల్లో 97 శాతం, సుమారు 18,000 మైళ్లు, అడుగునే వదిలేయడానికి అనుమతి ఇచ్చారని అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2021లో రాసింది. ప్లాట్‌ఫారం తీసిన చోట మాత్రం అక్కడా వల లాగి చూస్తారు. నూటికి మూడు తీసి, తీసిన చోటు భలే ఉందని మెచ్చుకోవడం.

నేను మొన్న ఇల్లు మారాను. గోడకి ఒక్క మేకు కొట్టాను, మా అమ్మ పంపిన వేంకటేశ్వరస్వామి పటం కోసం. ఖాళీ చేసేటప్పుడు ఓనరు వచ్చి, టార్చి వేసి, ఆ కన్నం వెతికి, అడ్వాన్సులో కోత పెట్టాడు. నేను కూడా మీ వాళ్లలాగే మాట్లాడి ఉండాల్సింది. "అయ్యా, మేకు తీస్తే గోడ పెచ్చు ఊడుతుంది, పర్యావరణ దృష్ట్యా అక్కడే ఉంచడం ఉత్తమమని మా నిపుణులు తేల్చారు" అని. తట్టలేదు.

నార్త్ సీలోని బ్రెంట్ చమురు క్షేత్రం వాళ్లకి తట్టింది. షెట్లాండ్ దీవులకు ఈశాన్యాన, సుమారు 140 మీటర్ల లోతు నీళ్లలో, ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా అని నాలుగు ప్లాట్‌ఫారాలు, నలుగురు అన్నదమ్ములు. 2017లో డెల్టా పైభాగాన్ని, 24,200 టన్నుల బరువున్నదాన్ని, పయనీరింగ్ స్పిరిట్ అనే ఓడ ఒక్క పట్టున ఎత్తుకుపోయింది. ప్రపంచమంతా నోరు తెరుచుకుని చూసింది. నేనూ చూశాను, ఇంజనీరింగ్ అంటే అదీ. తర్వాత బ్రావో, ఆల్ఫా, చివరికి 2024లో చార్లీ కూడా అలాగే వెళ్లాయి. తలలు పోయాయి. కాళ్ల సంగతో? ఆల్ఫా ఒక్కడివే ఇనుప కాళ్లు. మిగతా ముగ్గురివీ కాంక్రీటు, ఒక్కొక్కటి దాదాపు 3 లక్షల టన్నులు, అడుగున చమురు నిల్వ చేసిన గదులు, వాటిలో నూనె కలిసిన మడ్డి. వీటిని అక్కడే ఉంచుతామని కంపెనీ అడిగింది.

ఒకప్పుడు బ్రెంట్ స్పార్‌ని అట్లాంటిక్ లోతుల్లో ముంచుతామంటే ఐరోపా అంతా పెట్రోలు బంకుల ముందు ధర్నా చేసింది, కంపెనీ వెనక్కి తగ్గింది. (గొడవ చేసిన గ్రీన్‌పీస్ కూడా ఆ తొట్టెలో ఉన్న నూనె లెక్క తప్పు చెప్పామని తర్వాత క్షమాపణ అడిగింది. పద్దులు తప్పడం ఒక పక్షానికే పేటెంటు కాదు.) ఆ వేడిలోనే 1998లో ఓస్పార్ దేశాలు (ఈశాన్య అట్లాంటిక్‌ని కాపాడతామని ఒప్పందం చేసుకున్నవి) కలిసి, వాడేసిన కట్టడాలేవీ సముద్రంలో వదలకూడదని నిర్ణయం చేశాయి. మన దగ్గర అయితే జీవో అంటాం. జీవో ఉన్నాక మినహాయింపు ఉంటుంది కదా. 1999 ఫిబ్రవరికి ముందు పెట్టిన 10,000 టన్నులు దాటిన ఇనుప కాళ్ల మొదళ్లకీ, కాంక్రీటు దిమ్మెలకీ సడలింపు అడగవచ్చు. తేలికైనది తీయాలి, మరీ బరువైతే అడిగి వదిలేయవచ్చు. బీరువా మోయలేక అద్దె ఇంట్లో వదిలి వెళ్లిన వాడికి ఇచ్చే గౌరవం ఇది. బ్రెంట్ కాళ్ల విషయంలో 2019లో జర్మనీ కుదరదని అభ్యంతరం పెట్టింది. నిజం చెప్పాలంటే ఆ కాళ్లు కదిలించడం మనుషుల ప్రాణాలతో పని. కట్టిన రోజున తీసే ఆలోచనే చేయలేదు. అది 1970లలో వాళ్లు చేసిన తప్పు, దానికి మీ సంతకం ఎందుకు కావాలో నాకు తెలియదు. నీళ్ల పైకి పొడుచుకొచ్చిన ఆ స్తంభాలకు ఓడలు గుద్దుకోకుండా దీపాలు పెట్టారు. రాత్రి దూరం నుంచి చూస్తే దీపారాధనలా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మీరు మా ఊరు రావడానికి సామాను సర్దుకుంటున్నారని తెలిసింది. అరేబియా సముద్రంలో తాప్తి క్షేత్రాల్లో 5 వెల్‌హెడ్ ప్లాట్‌ఫారాలు (బావుల మీద కట్టినవి) తీసేశారు, మన దేశపు సముద్రంలో ఈ పని జరగడం అదే మొదలు. మా కోనసీమ ముందర రవ్వ ఉంది. (ఉప్మా గుర్తొస్తే మీ తప్పు కాదు.) 1987లో కనుక్కున్న క్షేత్రం, ఎస్.యానాం ఒడ్డుకి ఎదురుగా ఉంటుంది, పొడిగించిన ఒప్పందం 2029 దాకా. దాని తర్వాత ఎప్పుడో ఒకప్పుడు ఆ ప్లాట్‌ఫారాలూ లేవాలి. అందుకు డబ్బు పక్కన పెట్టుకోవడానికి 1999 నుంచే ఒక నిధి పథకం ఉంది. డబ్బు సంగతి మా పెద్దలు చూసుకుంటారు. నా టెన్షన్ మీ గురించే.

స్కాట్లాండ్‌లో మీకు గొలుసు లాగేది అడుగున వల ఈడ్చే పెద్ద పడవ, ట్రాలర్. మా దగ్గర ఏది లాగుతుంది? కాకినాడ సోనా బోట్లకి ట్రాల్ వల. ఓడలరేవు వైపు ఫైబర్ తెప్పలకి సన్నకన్ను వల, గోరుకి తగిలినా చిరుగుతుంది. ఇనుప గొలుసు మీద నుంచి సాఫీగా జారిపోయిన చోటే ఆ నైలాను వల పట్టేస్తుంది. మీరు ఏ వలకి శుభ్రమని రాస్తారు? పైగా గోదావరి వరదకి ఒక్క సీజన్లో అడుగున మట్టి ఎటు పోతుందో, ఎటు చేరుతుందో ఎవరికీ పట్టుబడదు. జూన్‌లో రెండడుగుల మట్టి కింద ఉన్న పైపు నవంబరుకి గాల్లో ఉండవచ్చు. వెస్ట్‌హేవెన్‌ని పట్టుకున్నదీ అలాంటి పైపే.

కాబట్టి వచ్చేటప్పుడు మీలో ఒక గడి ఎక్కువ పెట్టించుకుని రండి. సంతకాల వరుసలో కంపెనీ, సర్వేయరు, ప్రభుత్వం తర్వాత, ఆ చోట మొదటిసారి వల వేసే సరంగు వేలిముద్రకి కొంచెం చోటు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాత్రం రావద్దు, వేట నిషేధం. ఆ రోజుల్లో గొలుసు లాగితే మీరు కూడా కేసులో ఇరుక్కుంటారు.

ఇట్లు,
మీ బొమ్మలు చూసే వాడు

తా.క.: నా బైకుకి పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు అయిపోయిందని కాకినాడ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. రెండేళ్లుగా గోనెపట్టా కప్పుకుని వసారాలో కదలకుండా నిలబడ్డ బండి అది, అయినా మళ్లీ చూపించాల్సిందేనట. మీ మీద గడువు తేదీ ఎక్కడ రాసి ఉంటుందో తిరగేసి వెతికాను. వెనక వైపు ఖాళీగా ఉంది.