జీపీయూ మీద కర్చీఫు

పరిశోధనశాలలో ఉమ్మడి కంప్యూటర్ క్లస్టర్, అంటే ఒకటిగా కలిపిన కంప్యూటర్ల గుంపు, ఎందుకని అడిగితే, లెక్కలు చేయడానికని అమాయకులు చెబుతారు. చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. లెక్కలు దాని ఉపవృత్తి మాత్రమే. అసలు వృత్తి స్థలం కాపాడుకోవడం. ఈ విద్యలో కొంత సాధన చేసినవాడిగా, తరువాతి తరానికి పనికొస్తుందన్న ఏకైక సంకల్పంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదట కాస్త చరిత్ర. 1994లో నాసా వారి గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనే ఇద్దరు బజారులో దొరికే మామూలు విడిభాగాలతో 16 డీఎక్స్4 ప్రాసెసర్లను ఈథర్నెట్ తీగలతో కలిపి, దానికి బియోవుల్ఫ్ అని పేరు పెట్టారు. సూపర్ కంప్యూటర్ కొనే స్తోమత లేనివాళ్లకూ పెద్ద లెక్కలు అందుబాటులోకి వచ్చాయి. అంతవరకు బాగానే ఉంది. అందరిదీ అయిన యంత్రం చివరికి ఎవరిదవుతుందో మాత్రం ఆ మహానుభావులు ఆలోచించలేదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఏనాడో అన్నారు గానీ, చచ్చేలోపు దాని మీద ఎవరెవరు కర్చీఫు వేశారో వాళ్లూ చెప్పలేదు.

ఈ తగవులు తీర్చడానికే స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ కాపలాదారు వచ్చాడు. లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాల ఆయన పుట్టినిల్లు. ఎన్ని కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు), ఎంత మెమరీ, ఎన్ని గంటలు కావాలో రాసిస్తే, వరుసలో నిలబెట్టి, ఖాళీ దొరికినప్పుడు పిలుస్తాడు. మొహం చూడడు, మొహమాటపడడు. ఆయనలోని ఈ లోపాన్ని సవరించడానికే మా శ్రమంతా.

నా ప్రోగ్రాం 40 నిమిషాల్లో పూర్తవుతుంది. అయినా 72 గంటలని రాస్తాను. గడువు దాటితే స్లర్మ్ నిర్దాక్షిణ్యంగా చంపేస్తాడు కదా, జాగ్రత్త అవసరం. ఇందులో ఒక చిక్కుంది. బ్యాక్‌ఫిల్ అని స్లర్మ్‌కు ఒక అలవాటు. క్లస్టర్‌కు అప్పగించిన పనిని జాబంటారు, అందులోని ఒక్కో కంప్యూటర్‌ను నోడ్ అంటారు. పెద్ద జాబు కోసం నోడ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే, ఆ సందులో పట్టే చిన్న జాబును ముందుగా లోపలికి పంపేస్తాడు. 40 నిమిషాలని నిజం రాసినవాడు ఇట్టే లోపలికి వెళ్తాడు. నేను బయటే నిలబడి స్లర్మ్‌ను పక్షపాతి అని తిట్టుకుంటాను. ఏడాదిగా తిడుతున్నాను. గంటలు తగ్గించి రాసి చూడమని నిన్నగాక మొన్న చేరిన కుర్రాడొకడు సలహా ఇచ్చాడు. వాడి మాట వింటే నా అనుభవానికి విలువేముంది?

కోర్ల విషయంలోనూ చిన్నచూపు పనికిరాదు. నేను 128 అడుగుతాను. ప్రోగ్రాం ఒక్కదాన్నే వాడుతుంది. మిగిలిన 127 దాని చుట్టూ చేతులు కట్టుకుని నిలబడతాయి. ప్రోగ్రాంలో నూటికి 5 వంతుల పని ఒకదాని తరువాత ఒకటిగా మాత్రమే జరిగేదైతే, ఎన్ని వేల ప్రాసెసర్లు తగిలించినా వేగం 20 రెట్లు దాటదని జీన్ ఆమ్డాల్ 1967లో చేసిన వాదన నుంచి తేలుతుంది. ఆయన మాట్లాడింది వేగం గురించి. హోదా గురించి కాదు.

ఎక్కువ వాడుకున్నవాళ్లను క్యూలో వెనక్కి నెట్టే ఫెయిర్‌షేర్ అనే శిక్ష కూడా ఉంది. భయపడకండి. పాత వాడకం లెక్క కాలంతో కరిగిపోతుంది. ఎవరూ మార్చకపోతే, ప్రతి 7 రోజులకూ సగమవుతుంది. పాపం ఇంత త్వరగా తరిగే సదుపాయం ఏ పుణ్యక్షేత్రంలోనూ లేదు. ఆ వారం కూడా ఆగలేనివాళ్లు శిష్యుడి ఖాతాతో జాబు పంపిస్తారు. గురుదక్షిణ అంటే మరేమిటి?

స్క్రాచ్ అనే తాత్కాలిక డిస్కులో చాలా కాలం ముట్టని ఫైళ్లను తుడిచేస్తారు కాబట్టి, నెలకొకసారి అన్నింటినీ ఒకే ఆదేశంతో తాకి వస్తాను. తెరవను, చదవను. తాకుతాను, అంతే. వాటిలో ఏముందో నాకూ గుర్తులేదు.

ఇక జీపీయూ, ఒకేసారి వేల లెక్కలు చేసే కార్డు. మిగతావన్నీ దీనికి పూర్వరంగమే. మొన్న రాత్రి రెండు గంటలకు ఒక నోడ్‌లోకి తొంగి చూశాను. ఎనిమిది కార్డులు. ఒక్కొక్కదానికి 80 గిగాబైట్ల మెమరీ, అందులో 76 నిండి ఉంది. పక్క గడిలో వినియోగం 0 శాతం. 400 వాట్లు తాగగల కార్డు అరవై చిల్లర వాట్లతో కునుకు తీస్తోంది. ఎనిమిది వరుసల్లోనూ అదే సున్నా, ఒకదాని కింద ఒకటి, ముత్యాల సరంలా. యజమాని సోమవారం ప్రోగ్రాములు నడిపే నోట్‌బుక్ తెరిచి, మోడల్‌ను మెమరీలోకి ఎక్కించి, వేరే పని మీద వెళ్లిపోయాడు. ఆ రోజు శుక్రవారం. క్యూలో 43 జాబులు పడిగాపులు కాస్తున్నాయి, వాటిలో ఒకటి నాది. కోపం రావలసిన మాట నిజమే. కానీ పక్క నోడ్‌లో నావీ ఆరు సున్నాలున్నాయి. ఎనిమిది సున్నాలవాడి ముందు చేతులు జోడించడం తప్ప ఏం చేయగలను?

ఇది అడ్మిన్ గారి కంటబడింది. రెండు గంటలు వినియోగం లేని జాబును రద్దు చేస్తామని మెయిల్ వచ్చింది. ఆ సాయంత్రానికే మా గదిలో ఒక పది వరుసల ప్రోగ్రాం చేతులు మారింది. రెండు పెద్ద మాత్రికలను గుణిస్తుంది, జవాబును పారేస్తుంది, మళ్లీ గుణిస్తుంది.

“జవాబు ఎక్కడైనా దాచుకోవాలా సార్?” అని అడిగాడు ఆ కుర్రాడే.

“జవాబుతో మనకేం పనయ్యా?” అన్నాను.

మరుసటి రోజు నుంచి సున్నాలన్నీ నూరు శాతాలయ్యాయి. కార్డులు నాలుగు వందల వాట్లూ తాగుతున్నాయి. యంత్రాల గదిలో ఫ్యాన్ల హోరు వరండాలోకి వినిపిస్తోంది. నెలాఖరు నివేదికలో క్లస్టర్ వినియోగం గీత నిట్టనిలువుగా లేచింది. దాన్ని చూసి డైరెక్టర్ గారు చలించిపోయారట. మన పిల్లలు ఇంత కష్టపడుతుంటే ఇన్నాళ్లూ గమనించలేదే అని బాధపడి, కొత్త నోడ్లు కొనడానికి అక్కడికక్కడే సంతకం చేశారు.

అవి నిన్న వచ్చాయి. ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. వాటి పేర్లు అడ్మిన్ గారిని అడిగి తెలుసుకుని, జాబులు పంపే నా స్క్రిప్టులో చేర్చేశాను.