గ్లిజరిన్ కనుగొన్న మహానుభావుడు

గ్లిజరిన్‌ను 1779లో కార్ల్ షీలే అనే స్వీడన్ రసాయనవేత్త కనుగొన్నాడని పుస్తకాల్లో రాసి ఉంది. ఆ పుస్తకాలను సవరించవలసిన సమయం వచ్చింది. మొన్న సినిమా హాల్లో నా పక్క సీట్లో కూర్చున్న పెద్దమనిషి, సరిగ్గా నా గొంతు పూడుకుపోతున్న వేళ చూసి, రెండు వేళ్లతో నా భుజం తట్టి, "ఇదంతా గ్లిజరినండీ" అని వెల్లడించిన తీరు చూస్తే, ఆ పదార్థాన్ని ఆయనే, ఆ సాయంత్రమే, విశ్రాంతి సమయంలో కనిపెట్టి వచ్చినట్టు అనిపించింది.

ఇటువంటి పరిశోధకులు ప్రతి ఆటకూ ఒకరు ఉంటారనీ, వారి సీటు ఎప్పుడూ మన పక్కనే పడుతుందనీ పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. సినిమా చూసి ఏడ్చేవాళ్లు తెర మీది కష్టాన్ని నిజమనుకుని మోసపోతున్నారనీ, సమయానికి ఒక ముక్క చెవిన వేస్తే తేరుకుంటారనీ వీరి నమ్మకం. టికెట్టు కొనుక్కుని, చీకట్లో సీటు వెతుక్కుని, ఎవరు ఏ వేషం కట్టారో పేర్లు పడేటప్పుడు చదివి మరీ కూర్చున్న మనిషికి అది నటన అని తెలియదని వీరు ఏ ఆధారంతో నిర్ధారించుకున్నారో మాత్రం ఎన్నడూ బయటపెట్టరు.

ఆ మాటకొస్తే, నిజానిజాల విషయంలో మా పరిశోధకుడి పట్టింపు సన్నివేశాన్ని బట్టి మారుతుంది. మొదటి సగంలో కథానాయకుడు ఒంటిచేత్తో ఇరవైమందిని గాల్లోకి లేపినప్పుడు ఆయన సీటు అంచుకు జరిగి, పిడికిలి బిగించి, "వెయ్యి, ఇంకోటి వెయ్యి" అంటూ ఆ ఊపులో నా మోచేతికి కూడా ఒకటి తగిలించారు. నడుములకు కట్టిన తీగలు అప్పుడు ఆయనకు స్ఫురించలేదు. భూమ్యాకర్షణ కూడా స్ఫురించలేదు. ఇంకాసేపటికి తెర మీద ఒక తలుపు కిర్రుమంటే ఉలిక్కిపడి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు నేను ఆయన భుజం తట్టి, "అది స్టూడియోలో మైకు ముందు ఎవరో చేసిన చప్పుడండీ" అని ధైర్యం చెప్పవచ్చు. చెప్పలేదు. దెబ్బను నమ్మవచ్చు, దెయ్యాన్ని నమ్మవచ్చు, మనిషి దుఃఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెలివి తెచ్చుకోవాలన్న నియమం నాకు అప్పటికింకా తెలియదు.

ఇంతకీ ఆయనను రసాయనశాస్త్రం వైపు నడిపించిన సన్నివేశం ఏమిటంటే, మర్నాడు ఇల్లు విడిచి దూరం పోతున్న కొడుకు కోసం ఒక తండ్రి పెట్టె సర్దుతున్నాడు. ఒక చొక్కా మడత పెట్టి పెట్టెలో ఉంచాడు. మళ్లీ తీశాడు. కాలరు సరిచేసి, మడత విప్పి, అరచేత్తో ముడతలు సాపుచేసి, మళ్లీ మొదటినుంచి మడత పెట్టాడు. అంతే. మాట లేదు, వాయిద్యం లేదు, తండ్రి కంట్లో ఒక్క చుక్క లేదు. గ్లిజరిన్ చిక్కని, సులభంగా ఆవిరి కాని పదార్థం కాబట్టి చెంప మీద వేసిన చుక్క దీపాల వేడికి కూడా ఆరకుండా నిలుస్తుందన్న మాట వాస్తవమే, కాని ఆ సన్నివేశంలో తడిసిన చెంప తెర మీద లేదు. అది నాది. నా కంట్లో ఆ సరుకు ఎవరు పోశారని ఆయన అనుమానమో!

కంటికి నీళ్లు మూడు రకాలు. కన్ను ఆరిపోకుండా కాపాడేవి కొన్ని, నలక పడితేనో ఉల్లిపాయ ఘాటుకో వచ్చేవి కొన్ని, మనసు కదిలితే వచ్చేవి కొన్ని. 1980ల్లో అమెరికాలో విలియం ఫ్రే అనే జీవరసాయనవేత్త కొందరికి విషాద చిత్రాలు చూపించి, కారిన కన్నీటిని గొట్టాల్లో పట్టి, ఉల్లిపాయ రప్పించిన నీటితో పోల్చి, మొదటిదానిలో ప్రొటీన్లు ఎక్కువగా ఉన్నాయని ప్రకటించాడు. మా పరిశోధకుడు అక్కడ ఉంటే ప్రతి గొట్టానికీ గ్లిజరిన్ అని చీటీ అంటించేవారు. భరతముని, మనసు కదిలినప్పుడు ఒంటి మీద తేలే ఎనిమిది సాత్త్విక భావాల్లో అశ్రువును ఒకటిగా లెక్కించి, మనసు లగ్నం కానిదే అవి పుట్టవన్నాడు. ఆయన నాట్యశాస్త్రాన్ని చివరిదాకా రాయగలిగాడంటే పక్కన ఎవరూ కూర్చోలేదనే అర్థం.

ఇంతవరకు నవ్వుతూనే రాశాను. మా ముందు వరుసలో ఎనిమిదేళ్ల కుర్రవాడు ఒకడు, అదే చొక్కా మడత చూసి, వెక్కిళ్లు బయటికి రాకుండా చొక్కా చేతిని పళ్లతో బిగించి పట్టుకున్నాడు. మా పెద్దమనిషి ముందుకు వంగి, వాడి తల మీద ఒక మొట్టికాయ వేసి, "మగపిల్లాడివి, సిగ్గు లేదూ" అన్నారు. పక్కనున్న వాడి తండ్రి ఆ మొట్టికాయకు అడ్డుపడకపోగా తానూ నవ్వాడు. ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని సామెత కట్టినవాడు ఎవడో గాని, వాడి చేతి కింద ఎంతమంది పిల్లలు పళ్లు బిగించి పెరిగారో లెక్క ఉందా? ఇంట్లో ఏడవకూడదు, బడిలో ఏడవకూడదు, శవం ముందు నిలబడి కూడా నలుగురికీ ధైర్యం చెప్పాలి గాని ఏడవకూడదు. ఇక మిగిలింది ఎవరి మొహమూ ఎవరికీ కనిపించని ఈ రెండున్నర గంటల చీకటి. దాన్ని కూడా వదలరా? ఏం పోయింది మీ సొమ్ము? ఆ పిల్లవాడికి తండ్రి అంటే ఏమిటో ఆ క్షణంలో అర్థమైంది, దాన్ని మీరు మొట్టికాయ వేసి లోపలికి నెట్టేశారు.

ఇదంతా ఆయనతో అన్నానా అంటే, అనలేదు. దీపాలు వెలిగాయి. హాల్లో సగం మంది ఒక్కసారిగా చెప్పులు వెతుక్కోవడంలోనూ, కళ్లద్దాలు తుడుచుకోవడంలోనూ మునిగిపోయారు. కంటి మూలలనుంచి ముక్కులోకి సన్నని కాలువ ఒకటి ఉంటుంది, కంటి నీటిలో కొంత అటు దిగుతుంది, అందువల్ల ఎంత తుడుచుకున్నా ముక్కు దాచదు. నేను రెండుసార్లు ఎగబీల్చేసరికి పెద్దమనిషి నా వైపు తిరిగి, ఈసారి నిజమైన ఆదరంతో, "జలుబు చేసిందా?" అని అడిగారు.

ఆ కాలువ సంగతి వివరించే ఓపిక లేక, అవునన్నాను.