కలం పోషించిన గాయకుడు బిల్ విథర్స్

నల్లజాతి అమెరికన్ల సంగీత శైలి అయిన 'సోల్' పాడే అమెరికన్ గాయకుడు బిల్ విథర్స్ చివరి స్టూడియో ఆల్బం 1985లో వచ్చింది. అప్పటికి ఆయనకు నలభై ఏడేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. చనిపోయింది 2020లో, 81 ఏళ్ల వయసులో. అంత పేరున్న మనిషి ముప్పై అయిదేళ్లు ఎలా ఊరుకున్నారన్నది ఆయన గురించి రాసేవాళ్లకు ఇప్పటికీ పెద్ద మిస్టరీ. నాకు మాత్రం ఆ నిర్ణయానికి జవాబు ఆయన మొదటి ఆల్బం అట్ట మీదే కనిపిస్తుంది.

ఆ అట్ట మీద విథర్స్ చేతిలో క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంటారు. ఫొటో తీసింది ఆయన పనిచేసే ఫ్యాక్టరీ దగ్గరే. విమానాల్లో వాడే టాయిలెట్లు తయారు చేసే చోటు అది. వెస్ట్ వర్జీనియాలోని స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గు గనుల ఊళ్లో 1938లో పుట్టారు. చిన్నప్పుడు నత్తి. పదమూడేళ్లకే తండ్రి పోయారు. తొమ్మిదేళ్లు నేవీలో చేసి, 1967లో లాస్ ఏంజెలెస్ చేరారు. 1971లో ఆల్బం వచ్చేసరికి వయసు ముప్పై దాటిపోయింది. రికార్డు బయటికొచ్చినా, సంగీత రంగాన్ని నమ్ముకోలేమని ఉద్యోగం వెంటనే వదల్లేదు. అలాంటి మనిషిని రికార్డు కంపెనీవాళ్లు బెదిరించడం కష్టం.

ఆ ఆల్బంలోని 'ఎయింట్ నో సన్‌షైన్' మొదట సింగిల్ రికార్డుకు రెండో వైపు వేసిన పాట. రేడియో డీజేలు తిప్పి వేయడంతో అదే హిట్టయింది. మధ్యలో 'ఐ నో' అన్న మాట ఇరవై ఆరుసార్లు వస్తుంది. అక్కడ ఇంకేదో చరణం రాయాలనుకున్నారట, స్టూడియోలో ఉన్న వాద్యకారులు అలాగే వదిలేయమన్నారు. మంచి సలహా! మాట పెగలని బాధను ఆ పునరుక్తి చెప్పినంత బాగా ఏ చరణమూ చెప్పేది కాదు. 1972లో నంబర్ వన్ అయిన 'లీన్ ఆన్ మి' కూడా అంతే. పియానో మెట్ల మీద వేళ్లు వరసగా పైకీ కిందికీ నడుస్తాయి, ఎవరైనా గొంతు కలపొచ్చు. అరుపుల్లేవు, గమకాల ప్రదర్శన లేదు.

తర్వాత ఈ రికార్డులు తెచ్చిన ససెక్స్ అనే చిన్న కంపెనీ మూతపడింది. విథర్స్ కొలంబియా అనే పెద్ద రికార్డు కంపెనీకి మారారు. 1977లో 'లవ్‌లీ డే' లాంటి హిట్టు వచ్చినా అక్కడ పొసగలేదు. ఎల్విస్ ప్రెస్లీ పాట ఒకటి మళ్లీ పాడమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. సొంత పాటలు రాసుకునే మనిషికి! 1978కీ 1985కీ మధ్య ఒక్క సోలో ఆల్బం లేదు. ఈ లోపు శాక్సఫోన్ వాద్యకారుడు గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్‌ ఆల్బం కోసం పాడిన 'జస్ట్ ద టూ ఆఫ్ అస్' 1981లో చార్టుల్లో రెండో స్థానానికి వెళ్లింది. అంటే జనం ఆయన్ను మరిచిపోలేదు, పొసగనిది కంపెనీతోనే.

ఇక్కడ కళాకారుడి ఆత్మాభిమానం గురించి చాలామంది గొప్పగా రాస్తారు. నిజమే, కానీ ఆత్మాభిమానానికి అద్దె కట్టే దారి కూడా ఉండాలి. 1987లో క్లబ్ నువో బృందం 'లీన్ ఆన్ మి'ని మళ్లీ పాడి నంబర్ వన్ చేసింది, రచయితగా గ్రామీ సంగీత పురస్కారం విథర్స్‌కే వచ్చింది. 1996లో బ్లాక్‌స్ట్రీట్ బృందం 'నో డిగిటీ'లో విథర్స్ తన అమ్మమ్మ మీద రాసిన పాట ముక్క వాడుకుంది, అదీ నంబర్ వన్. ఆయన ఇంట్లో కూర్చున్నా పాటలు పనికి వెళ్తూనే ఉన్నాయి. ఆ పాటల హక్కులున్న పబ్లిషింగ్ కంపెనీల లెక్కలు భార్య మార్షా చూసుకునేవారు.

అమెరికాలో మామూలు రేడియోలో పాట వస్తే రాసినవాళ్లకు రాయల్టీ అందుతుంది, పాడినవాళ్లకు అందదు. విథర్స్ కేవలం గొంతు ఉన్న మనిషైతే, ఎంత పట్టుదల ఉన్నా, 1985 తర్వాత ఊరూరా తిరిగి అవే పాటలు పాడుకోక తప్పేది కాదు.