ఫైటోక్రోమ్ గారూ, పక్కింటి సంగతి మీకెందుకండీ

మొక్కల్లో ఉండి వెలుగు రంగుని పసిగట్టే ప్రొటీన్ ఫైటోక్రోమ్ గారికి,

మా డాబా మీద టమాటా నారు పోశాను, ప్యాకెట్ మొత్తం ఒకే టబ్బులో, సరే అది నా కక్కుర్తే ఒప్పుకుంటా. కానీ మూడు వారాలకి చూస్తే ఏంటండీ అది, ఒక్కోటి అగ్గిపుల్లంత లావు, జానెడు పొడవు, పైన నాలుగు ఆకులు, గాలొస్తే అన్నీ ఒకే వైపు వాలిపోతున్నాయి. నీళ్ళు చాల్లేదేమో అని పోశా, ఎరువేశా, మా అత్తయ్య దిష్టని ఎండుమిరపకాయలు కూడా తిప్పేసింది. తీరా చదివితే తెలిసింది, ఇదంతా మీ పని అని!

ఆకు 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరుండే ఎరుపు వెలుగుని తినేసి, 730 దగ్గరుండే ఫార్-రెడ్‌ని, అంటే ఎరుపు దాటిన అంచు వెలుగుని మాత్రం వద్దని బయటికి తోసేస్తుందట. మన కంటికి అది ఆనదు, మీకు మాత్రం బాగా ఆనుతుంది. మామూలు ఎండలో రెండూ దాదాపు సమానం, పక్క మొక్క ఆకు మీంచి ఫార్-రెడ్ కాస్త ఎక్కువొచ్చి కాండానికి తగిలిందా, అంతే, మీరు ముసుగుతన్ని పడుకుంటారు, అప్పటిదాకా మీరు నోరెత్తనివ్వని పిఫ్ అనే ప్రొటీన్లు లేచి ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోన్‌ని పెంచేసి కాండాన్ని లాగేస్తాయి. నీడ ఇంకా పడనే లేదండీ బాబూ! పక్కింటాయన గేటు ముందు కంకర దింపగానే మనం మూడో అంతస్తుకి లోన్ తీసుకున్నట్టుంది. పైగా పక్కనున్నది ఎవరో కాదు, ఒకే ప్యాకెట్ వాళ్ళు.

మీ నిలకడ సంగతీ తెలిసింది లెండి. 1952లో అమెరికాలో బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్ళు లెట్యూస్ గింజల మీద ఎరుపు, ఫార్-రెడ్ మార్చి మార్చి వేస్తే, చివర ఎరుపు పడితే మొలిచాయట, ఫార్-రెడ్ పడితే చాలావరకు మొలకే లేదట. చివర ఎవరు మాట్లాడితే వాళ్ళదే కరెక్టనే మా బావ గుర్తొచ్చాడు.

నిన్న సాయంత్రం సగం నారు పీకేశా. వేర్లు చూస్తే దారప్పోగులు, ఉన్నదంతా కాండానికే పెట్టేశారు కదా మరి. మిగిలినవాటిని ఎడం ఎడంగా, కాండం సగం మట్టిలోకి పోయేలా పాతా, టమాటాకి కాండం నుంచి కూడా వేర్లొస్తాయి కాబట్టి బతికిపోయారు. దీనికోసం ఇంకో మూడు టబ్బులు కొన్నా, బిల్లు మీ పేరు మీదే రాసిపెట్టా.

ఇట్లు,
టబ్బు ఓనర్