తీగ లాగితే కదలని డొంక

ఇది 2002 నాటి మాట. చెన్నై నుంచి సింగపూర్ దాకా సముద్రం అడుగున కొత్త తీగ వేశారు. పొడవు మూడు వేల కిలోమీటర్ల పైమాటే, మోయగలిగింది సెకనుకు 8.4 టెరాబిట్లు. ఆ ఏడే పని కూడా మొదలుపెట్టింది. అది ఒడ్డుకు చేరిన ఊళ్లోనే, వెస్ట్ మాంబళంలోని తెలుగువారింట్లోకి మాత్రం ఇంటర్నెట్ సెకనుకు నాలుగు కిలోబైట్ల చొప్పున వస్తుంది. ఏరు నిండి పారినా కుక్కకు గతుకు నీళ్లే అని పెద్దలన్నది, ఫోన్ లైన్లోంచే నంబరు నొక్కి తెచ్చుకునే ఈ డయల్-అప్ ఇంటర్నెట్ గురించే అయి ఉండాలి. అప్పటికి కంప్యూటర్ని ఫోన్ తీగకు కలిపే మోడెములు లేక కుక్కతో సరిపెట్టారు.

తప్పెవరిది అన్న విషయంలో నగరం రెండుగా చీలిపోయింది. ఇంటర్నెట్ కంపెనీదే తప్పని ఇంటివాళ్లు, ఇంట్లో వైరింగుదే తప్పని కంపెనీవాళ్లు. నిష్పాక్షికంగా విచారించగా తేలిందేమిటంటే, కంపెనీవాళ్లు తప్పించుకోవడానికే ఆ మాట అంటారు గానీ, పొరపాటున నిజమే అంటారు. వేగం చచ్చేది సాధారణంగా మన గోడకీ మన కుర్చీకీ మధ్య ఉన్న పది మీటర్లలోనే. జనం డబ్బు ఖర్చుపెట్టేది మాత్రం ఆ పది మీటర్లు తప్ప మిగతా అన్నిటి మీదా.

ముందు లెక్క చూద్దాం. మోడెం డబ్బా మీద 56 అని రాసి ఉంటుంది. అవి కిలోబిట్లు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు కనక నిజానికి అది ఏడు. ఆ ఏడు కూడా కాగితం మీదే. ఎక్స్ఛేంజ్ మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది, కొలతకు ఎనిమిది బిట్లు, మొత్తం 64 కిలోబిట్లు. వాటిలో మరీ దగ్గరదగ్గరగా ఉన్న మెట్లను వీధి తీగ మీద వేరుచేసి వినడం కుదరదు. వాటిని వదిలేస్తే మిగిలింది 56. అదీ ఒకవైపే. 1998లో వచ్చిన వి.90 పద్ధతిలో పైనుంచి దిగేది 56 దాకా, మననుంచి పైకి వెళ్లేది 33.6 దాటదు. దేవుడి వరం వచ్చినంత తొందరగా మన మొర ఆయనకు చేరదన్నమాట.

కనెక్ట్ కాగానే తెర మూలన గడియారం పక్కన రెండు బుల్లి కంప్యూటర్ల బొమ్మ వెలుగుతుంది. దానిమీద రెండుసార్లు నొక్కితే ఒక అంకె కనబడుతుంది. ఆ అంకె చదవడం జాతకం చదవడం లాంటిది, కాకపోతే ఇది నిజం చెబుతుంది. 44,000, 45,333, 46,667, 48,000 ఇలా 1,333 చొప్పున ఎక్కే వరసలోది అయితే వి.90 కుదిరినట్టే, 45 వేలు దాటితే వీధిలో తలెత్తుకు తిరగచ్చు. 33,600, 31,200, 28,800 ఇలా 2,400 చొప్పున దిగే వరసలోది అయితే మోడెం పాత వి.34 పద్ధతిలోకి జారిపోయింది. కంపెనీ నుంచి మన ఇంటి దాకా దారిలో డిజిటల్ నుంచి అనలాగ్‌కు మార్పు ఒక్కసారే జరగాలి, అదే వి.90 పెట్టే షరతు. అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ గది పక్కన డిజిటల్ ఈపీఏబీఎక్స్, అంటే ఫ్లాట్ల ఫోన్లన్నిటినీ కలిపే బుల్లి ఎక్స్ఛేంజ్ పెట్టి అన్ని ఫోన్లూ దానిలోంచి తిప్పితే రెండో మార్పు అక్కడే జరిగిపోతుంది. ఆ ఫ్లాట్లో ఉన్నాయన ఎంత ఖరీదైన మోడెం కొన్నా 33,600 దాటడు. ఆ ఈపీఏబీఎక్స్ డబ్బాతో సంబంధం లేకుండా జంట తీగ నేరుగా ఇంట్లోకి తెచ్చుకోవాలి. అందుకు అసోసియేషన్ సెక్రటరీగారు ఒప్పుకోవాలి, అది వి.90 పరిధిలోని విషయం కాదు.

1,15,200 అని కనబడితే మాత్రం మిఠాయిలు పంచకండి. అది మోడెంకీ కంప్యూటర్‌కీ మధ్య ఉన్న మూరెడు కేబుల్ వేగం. రాక్‌వెల్ చిప్ ఉన్న మోడెమైతే కంట్రోల్ ప్యానెల్లో మోడెమ్స్, ప్రాపర్టీస్, కనెక్షన్, అడ్వాన్స్‌డ్ దాకా వెళ్లి ఎక్స్‌ట్రా సెట్టింగ్స్ గడిలో డబ్ల్యూ2 అని రాస్తే అసలు అంకె బయటపడుతుంది. చాలామంది అది చూశాక డబ్ల్యూ2 తీసేస్తారు.

ఇక వైద్యాలు. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్లో వేగాన్ని మూడింతలు చేసే సీడీలు దొరుకుతాయి, పైన రాకెట్ బొమ్మతో సహా. లోపల ఉండేది విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో మాక్స్ ఎంటీయూ అనే ఒక విలువను, అంటే ఒక్కో విడతలో పంపే ముక్క సైజును, 1500 నుంచి 576కి దించే ప్రోగ్రాం. విండోస్ 95 కాలంలో దానికో అర్థం ఉండేది. విండోస్ 98 డయల్-అప్ అని తెలియగానే తనంతట తనే 576 పెట్టుకుంటుంది. కాబట్టి సీడీ చేసేది తలంటు పోసుకున్నవాడికి మళ్లీ తలంటడమే. ఇంకో రకం సీడీ మీరు చదువుతున్న పేజీలోని లింకులన్నీ ముందే దింపిపెడతానంటుంది. ఉన్న నాలుగు కేబీల గొట్టంలోంచి మీరడగని ముప్ఫై పేజీలు దిగుతుంటే, అడిగిన ఒక్కటీ క్యూలో నిలబడి ఉంటుంది. ఒకే ఫైలును నాలుగు ముక్కలుగా దింపే డౌన్‌లోడ్ మేనేజర్లదీ అదే కథ. ఇరుకు మన వీధిలో ఉంటే నాలుగు బళ్లు కట్టి ప్రయోజనం లేదు. కాకపోతే లైను తెగినా ఆగినచోటినుంచి మళ్లీ అందుకోవడం వాటికి వచ్చు, అవతలి సర్వర్ ఒప్పుకుంటే. ఆ ఒక్క గుణానికి వాటిని క్షమించవచ్చు.

రాహుకాలం చూసుకుని డయల్ చేసేవారున్నారు. పద్ధతి సరైనదే, వేళలే తప్పు. డయల్-అప్‌కు రాహుకాలం వారంతో నిమిత్తం లేకుండా రోజూ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా. లైను దొరకదు, ఎంగేజ్ టోనే. దొరికినా కంపెనీ నుంచి బయటి ప్రపంచానికి పోయే దారిలో తొక్కిసలాట. బొమ్మ మీద 46,667 చెక్కుచెదరకుండా ఉంటుంది, పేజీ మాత్రం రాదు. అలాంటప్పుడు ఇంటి తీగను తిట్టకండి, దాని పాపం లేదు. తెల్లవారుజామున పాలవాడు రాకముందు అదే అంకె మీద అదే పేజీ పరుగెడుతుంది.

అసలు వేగం ఉండేది గుమ్మం పక్కన గోడకున్న రోజెట్ పెట్టెలో, అంటే వీధి ఫోన్ తీగ ఇంట్లోకి చేరే చోట. దాని మీద సున్నం వేసి ఉంటుంది, ఇల్లు కట్టినప్పటినుంచీ ఎవరూ విప్పలేదనడానికి అదే సాక్ష్యం. విప్పే ముందు ఇంట్లో ఏదో ఒక ఫోను రిసీవర్ తీసి పక్కన పెట్టండి. లైన్లో మామూలుగా ఉండే 48 వోల్టులు పొడి చేతికి ఏమీ చెయ్యవు గానీ, సరిగ్గా వేలు పెట్టిన క్షణంలో నెల్లూరు నుంచి మేనత్తగారు ఫోన్ చేస్తే 75 వోల్టులు జివ్వుమంటాయి. రిసీవర్ తీసి ఉంటే గంట రాదు. మూత తీస్తే రెండు స్క్రూలు, వాటికి రెండు తీగలు. ఈ ఊరి ఉప్పుగాలికి రాగి మీద ఆకుపచ్చ పొర కట్టి, చిలుం పట్టిన పంచపాత్రలా ఉంటుంది. మన గొంతు ఆ చిలుంలోంచి దూరిపోతుంది, మోడెం గొంతు దూరలేదు. తీగ చివర రెండు సెంటీమీటర్లు కత్తిరించేయండి. కొత్త చివర ఒక సెంటీమీటరు మేర ప్లాస్టిక్ ఒలిచి, స్క్రూ తిరిగే వైపుకే చుట్టి బిగించండి, అటువైపు చుడితే బిగిస్తున్నకొద్దీ తీగ లోపలికి పోతుంది, ఎదురు చుడితే బయటికి తోసుకొస్తుంది. బిగించాక పైన పల్చగా వాజలిన్ రాస్తే వచ్చే వానాకాలం దాకా ఉప్పుగాలి చొరబడదు. ఊరి పేరు 1996లో చెన్నై అయింది గానీ, ఆ తీగలు చాలా ఇళ్లలో ఇంకా మద్రాసులోనే ఉన్నాయి.

ఆ తర్వాత చూడవలసింది ఆ పెట్టెనుంచి బయల్దేరిన సంతానం. హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి, వంటింట్లో ఒకటి. ఒక్కో ఎక్స్‌టెన్షన్ తీగా అవతలి చివర తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని. మోడెం ఆ ప్రతిధ్వనులతో కుస్తీ పడుతూ వేగం దించుకుంటుంది. రోజెట్ నుంచి మోడెంకు ఒకదాన్నొకటి మెలేసుకున్న జంట తీగ ఒక్కటే, ఐదు మీటర్ల లోపు, మధ్యలో అతుకులు లేకుండా వేయండి. ఫోన్‌ను మోడెం వెనక ఫోన్ అని రాసి ఉన్న రంధ్రంలో గుచ్చండి. బజార్లో దొరికే బల్లపరుపు తీగలో మెలిక ఉండదు, అది ట్యూబులైటు చోకు పక్కనుంచి పోతే చోకు పాటంతా మోడెంకు వినిపిస్తుంది. కరెంటు తీగను దాటక తప్పకపోతే అడ్డంగా దాటాలి, పక్కపక్కనే నడవకూడదు.

బాగైందో లేదో చెవితోనే తేల్చుకోవచ్చు. రిసీవర్ ఎత్తి ఏదైనా ఒక్క అంకె నొక్కండి. డయల్ టోన్ ఆగిపోతుంది. పది సెకన్లు వినండి. నిశ్శబ్దమైతే లైను బంగారం. పోపు చిటపటలాడినట్టు వినిపిస్తే ఎక్కడో చిలుం పట్టిన అతుకు ఉంది. గుయ్యిమంటే కరెంటు తీగ పొరుగున ఉంది, లేదా తీగ ఎక్కడో గోడతడి తాకుతోంది. ఎవరో అరవంలో బియ్యం ధర మాట్లాడుకుంటుంటే బయటి కేబుల్లోకి నీళ్లు దిగాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ మూడోది ఎక్కువ. అది మన చేతిలో లేదు, ఇళ్లకు తీగలు పంచే, స్తంభం మీది డీపీ పెట్టె జోలికి పోకండి. 198కి ఫోన్ చేయండి. అయితే ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందని మాత్రం అనకండి. అంటే లైన్‌మ్యాన్ వచ్చి రిసీవర్ చెవిన పెట్టుకుని "సార్, టోన్ ఇరుక్కు" అని, అంటే టోన్ ఉందని అరవంలో చెప్పి వెళ్లిపోతాడు. ఆయన తప్పు కాదు, ఆ తీగ మాటల కోసం వేసింది. "గరగరలో మాట వినబడటం లేదు" అనండి. అప్పుడు జంట తీగ మారుస్తాడు. మారిన జంట మీద మరుసటి రోజు అంకె పెరిగితే, అది గరగర తగ్గినందువల్ల కలిగిన యాదృచ్ఛిక ఫలం.

లైను ఎక్కీ పడీ చస్తుంటే గర్వం కాస్త తగ్గించుకోవడమే మందు. 48,000కి ఎక్కిన మోడెం చెడిపోయిన ముక్కల్ని మళ్లీ మళ్లీ అడుగుతూ, మధ్యలో ఆగి కొత్తగా శ్రుతి చేసుకుంటూ ఉంటే, వి.34కి కట్టేసిన మోడెం 31,200 మీద నిదానంగా ముందే చేరుతుంది. కాల్ వెయిటింగ్ ఉంటే తీయించేయండి. ఆ కూత వినగానే మోడెం అవతలివాడు పోయాడనుకుని పెట్టేస్తుంది. తీయించడం ఇష్టం లేకపోతే ఎక్స్‌ట్రా సెట్టింగ్స్‌లో ఎస్10=50 అని రాయండి. మామూలుగా 1.4 సెకన్లు ఓపిక పట్టే మోడెం ఐదు సెకన్లు పడుతుంది. సంసారంలో ఆ పాటి తేడాతో చాలా నిలబడతాయి.

మిగిలింది అడగడంలో పొదుపు. తెలుగు పత్రికలు ఒక్కోదానికి ఒక్కో ఫాంటు. వాటిని ఒకసారి దింపి విండోస్ ఫాంట్స్ ఫోల్డర్లో పడేస్తే రోజూ దిగవు. బ్రౌజర్లో మల్టీమీడియా కింద షో పిక్చర్స్ దగ్గర టిక్కు తీసేస్తే పేజీ అక్షరాలతో వస్తుంది. అక్షరాలను మోడెం దారిలోనే కుదించుకుంటుంది. జేపెగ్, జిప్, ఎంపీత్రీ ముందే కుదించి ఉంటాయి కనక వాటి దగ్గర దాని ఆటలు సాగవు. ఐదు ఎంబీల పాట నాలుగు కేబీల లెక్కన ఇరవై ఒక్క నిమిషాలు.

ఈ నియమానికి ఒకే మినహాయింపు, అమెరికా సంబంధం. డిజిటల్ కెమెరా తీసిన 800 కేబీల ఫోటో యథాతథంగా పంపుతాడు అబ్బాయి. మూడు నిమిషాల ఇరవై సెకన్లు. 640కి 480గా తగ్గించి, జేపెగ్ నాణ్యత కాస్త దించి పంపమంటే యాభై కేబీలు, పదమూడు సెకన్లు. కానీ ఆ మాట మగపెళ్లివారితో అనేవారెవరు? అందుకని ఫోటో పైనుంచి కిందికి గీత గీతగా దిగుతుంది. ముందు ఆకాశం, తర్వాత ఎర్ర వంతెన, తర్వాత జుట్టు, నుదురు.

"ఏవండీ, అబ్బాయి మొహం వచ్చిందా?"

"కళ్లజోడు దాకా వచ్చింది."

"అయితే ఫోన్ ఒక్క నిమిషం ఇవ్వండి, ఎలా ఉన్నాడో అన్నయ్యకి చెప్పాలి."