ఎర్ర అక్షరాలు చదవకండి

1959 నుంచి ఇంజినీర్లను తయారు చేస్తున్న ఊరు మన వరంగల్. అప్పటి ఆర్‌ఈసీ ఇంజినీరింగ్ కాలేజీ ఇప్పుడు ఎన్‌ఐటీ అయింది, మడికొండలో ఐటీ పార్కు వచ్చింది, హన్మకొండలో ఏ గల్లీలోకి పోయినా పై అంతస్తులో ఒక ల్యాప్‌టాప్, ఒక హెడ్‌సెట్ కనిపిస్తాయి. ఇంత మంచి వాతావరణంలో పెరిగిన పిల్లలు కొందరు ఈ మధ్య రెండు చెడు అలవాట్లకు బానిసలవుతున్నారని తెలిసి రాయక తప్పడం లేదు. ఒకటి చదవడం. రెండోది రాయడం.

కోడ్ రాయడం గురించి కాదు నేను అంటున్నది. అదెలాగూ ఇప్పుడు మనం రాయడం లేదు. ఏం చేశామో, ఎందుకు చేశామో నాలుగు ముక్కలు రాసిపెట్టే దురలవాటు గురించి నా బాధ.

ముందు చదవడం సంగతి చూద్దాం. ప్రోగ్రామ్ ఆగిపోతే తెరమీద ఎర్ర అక్షరాలు వస్తాయి. ఏ ఫైల్లో, ఏ లైన్లో, దేనికోసం వెతికితే ఏది దొరకలేదో అందులో ఉంటుంది. సంస్కారం ఉన్న డెవలపర్ వాటివైపు కన్నెత్తి చూడడు. ఫోన్ తీసి, తెరను కాస్త వంకరగా, ట్యూబ్‌లైట్ వెలుగు సరిగ్గా ముఖ్యమైన లైన్ మీద పడేలా ఫొటో కొట్టి సీనియర్‌కు వాట్సాప్ చేస్తాడు. నక్కలగుట్టలో మా పక్కింటి అబ్బాయి ఈ విద్యలో ఆరితేరాడు. మొన్న అతను పంపిన ఫొటోలో సగం మానిటర్, సగం సర్వపిండి ప్లేటు ఉన్నాయి. కింద "అన్నా, ఎర్రర్ వస్తుంది" అని ఒక్క ముక్క. ఏం ఎర్రర్ అని ఆ అన్న అడిగితే "నిన్న వచ్చిందే అన్నా" అన్నాడు. నిన్న వచ్చింది వేరేది.

రెండు గంటల కాల్ తర్వాత తేలిందేమిటంటే, ఒక ఫైల్ పేరులో అక్షరం ఎగిరిపోయింది. ఆ పేరు గల ఫైల్ లేదని ఎర్ర అక్షరాల్లో మొదటి లైనే చెబుతోంది. చదివి ఉంటే రెండు నిమిషాల్లో పని అయిపోయేది, నిజమే. అప్పుడు మర్నాడు పొద్దున స్టాండప్‌లో, అంటే టీమంతా నిలబడి ఎవరి పని ఎంతదాకా వచ్చిందో చెప్పుకునే మీటింగ్‌లో, ఏం చెప్పాలి? రెండు నిమిషాల పనికి టైమ్‌షీట్లో గడి కూడా ఉండదు. రెండు గంటలు పట్టింది కాబట్టి "క్రిటికల్ ఇష్యూ ఇన్వెస్టిగేట్ చేశాను" అని దర్జాగా చెప్పుకున్నాడు.

స్టాండప్ అంటే గుర్తొచ్చింది. 2001లో అమెరికాలో ఒక మంచుకొండ రిసార్ట్‌లో 17 మంది పెద్దలు కూడి, పద్ధతులూ పనిముట్ల కంటే మనుషులు, వాళ్ల మధ్య మాటలే ముఖ్యమని ఒక ప్రకటన రాశారు. దాని సారాన్ని మనవాళ్లు రెండే రెండు మాటలకు కుదించారు: నో బ్లాకర్స్. అంటే, నా పనికి అడ్డేమీ లేదని. మా పక్కింటి అబ్బాయి రోజూ ఆ మాట అంటుంటే వాళ్లమ్మకు అర్థం కాదు. "రాత్రంతా అది నడుస్తలేదని తల పట్టుకున్నవు కదరా బిడ్డా, మీ సార్‌కు గదే చెప్పరాదు?" అంటుంది. ఇలాంటి తల్లుల వల్లే కెరీర్లు పాడవుతాయి.

ఇక రాయడం. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ప్రోగ్రామర్, కోడ్‌లో ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే గిట్ అనే పనిముట్టు తయారు చేస్తూ ప్రతి మార్పుతో పాటు ఒక సందేశం రాసే చోటు కూడా పెట్టాడు. ఏ ధైర్యంతో పెట్టాడో తెలియదు. మనవాళ్లు దాన్ని "ఫిక్స్", "ఫిక్స్ 2", "ఫైనల్", "ఫైనల్ కొత్తది" అనే నాలుగు రత్నాలతో నింపి పరువు కాపాడారు. అయినా ఎక్కడో ఒకడు "ఈ లెక్క ఎందుకు మార్చామంటే" అని మొదలుపెడతాడు. వాణ్ని తప్పుపట్టి లాభం లేదు. ఊరి గాలి అలాంటిది, అసలు దోషం కాకతీయులది.

వేయిస్తంభాల గుడి దగ్గర 1163 నాటి శాసనం చూడండి. కట్టించినవాడు రుద్రదేవుడు, ఆయన వంశం ఏది, ఎవరెవరిని గెలిచాడు, అంతా రాతిమీద చెక్కించారు. రామప్ప మరీ అన్యాయం. 1213లో గుడి కట్టి, కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడని, గుడికి ఫలానా ఊళ్లు ఇచ్చామని శాసనం వేసి, దానికో మండపం కూడా పెట్టారు. డాక్యుమెంటేషన్‌కు ప్రత్యేకంగా ఇల్లు! ఫలితం ఏమైంది? ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా లిపి తెలిసిన ఎవడైనా వచ్చి చదువుకుని వెళ్తున్నాడు. గుడి గురించి ఒక్క సందేహమొస్తే రాత్రి పదకొండింటికి రేచర్ల రుద్రుడికి ఫోన్ చేయాల్సిన అవసరమే లేకుండా పోయింది. ఇంతకంటే పెద్ద కెరీర్ ఆత్మహత్య ఉంటుందా?

దీనికి భిన్నంగా, నాకు తెలిసిన ఒక ఆఫీసులో బిల్లింగ్ కోడ్ అంతా ఒకే అన్న రాశాడు. అందులో ఒక ఫంక్షన్ పేరు "డు నాట్ టచ్". ఎందుకు ముట్టుకోకూడదో ఎక్కడా ఉండదు. ఆ అన్న మేడారం జాతరకు పోయిన రోజే బిల్లులు ఆగాయి. జంపన్న వాగు దగ్గర జనంలో సిగ్నల్ ఎక్కడిది? అన్న నెత్తిమీద బెల్లం ముద్దతో క్యూలో ఉంటే, ఇక్కడ మేనేజర్ దగ్గర్నుంచి ట్రైనీ దాకా అందరూ ఆయన ఫోన్ కలవాలని సమ్మక్కకే మొక్కుకున్నారు. తిరిగొచ్చాక ఆయనకు జీతం పెరిగింది. రామప్ప శిల్పికి ఏం పెరిగిందో ఎవరైనా చెప్పగలరా?

విదేశాల్లోనూ మన సంస్కారం కలిగినవాళ్లు ఉండేవారు. న్యూయార్క్ షేర్ మార్కెట్లో వ్యాపారం చేసే నైట్ క్యాపిటల్ అనే సంస్థ 2012లో కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో పెట్టబోయి ఏడింటిలోనే పెట్టింది. పని సరిగ్గా జరిగిందో లేదో రెండో మనిషి చూడాలని ఎక్కడా రాసిపెట్టుకోలేదు, అంటే రాసే దురలవాటు వాళ్లకు లేదు. ఆగస్టు 1 పొద్దున మార్కెట్ తెరవకముందే వాళ్ల సిస్టమ్ 97 ఈమెయిళ్లు పంపి మొత్తుకుంది. వాటినెవరూ పట్టించుకోలేదు, అంటే చదివే దురలవాటూ లేదు. ఎనిమిదో సర్వర్లో ఎప్పుడో మూలన పడేసిన పాత కోడ్ లేచి కూర్చుని షేర్లు కొనడం, అమ్మడం మొదలుపెట్టింది. ముక్కాలు గంటలో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. ఎర్రమట్టి కూడా అంత వేగంగా లారీలకెక్కదు.

ఐదేళ్లకు, కంపెనీల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో దీనికి పూర్తి విరుద్ధమైన సిగ్గుమాలిన పని జరిగింది. ఒక ఇంజినీర్ ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్లో 300 జీబీల దాకా డేటా తుడిచేశాడు. బ్యాకప్‌లు చూస్తే ఒక్కటీ సరిగ్గా పనికిరాలేదు. ఆరు గంటల కిందట తీసిన కాపీ ఒకటి దొరికి బతికిపోయారు. ఇంతవరకు అందరి ఇళ్లలో జరిగేదే. కానీ వాళ్లు జరుగుతున్నది జరుగుతున్నట్టు రాసి లోకమంతా చదవడానికి పెట్టారు! ఆ మనిషి ఉద్యోగం కూడా తీసేయలేదు. మన దగ్గరైతే "షెడ్యూల్డ్ మెయింటెనెన్స్" అని ఒక మెయిల్ కొట్టి, శుక్రవారం సాయంత్రం సికింద్రాబాద్‌లో రైలెక్కి, కాజీపేట వచ్చేదాకా ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకునే మర్యాద తెలిసినవాళ్లం.

ఇప్పుడు ఏఐ వచ్చింది కాబట్టి ఇక ఏదీ చదవక్కర్లేదు, రాయక్కర్లేదు అని నేనూ సంతోషించాను. తీరా దగ్గరుండి చూస్తే గుండె జారిపోయింది. అది ఎర్ర అక్షరాలను మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా చదువుతోంది. ఏం మార్చిందో, ఎందుకు మార్చిందో పేరాలు పేరాలు రాస్తోంది. మన పిల్లలచేత మాన్పించిన రెండు అలవాట్లూ దానికి అంటుకున్నాయి. పక్కింటి అబ్బాయిని పిలిచి, అది రాసిన కారణం తప్పయితే ఎట్లరా అని అడిగాను. "ఏం కాదు అంకుల్, అప్రూవ్ కొట్టేసిన, గదంత ఎవరు చదువుతరు?" అన్నాడు.