అప్పు చేసి చీజ్ శాండ్‌విచ్

నేను బ్యాంకులో ముప్పై మూడేళ్లు పనిచేశాను. అందులో పద్దెనిమిదేళ్లు రికవరీ సెక్షనే. కాబట్టి మొండి బాకీల మీద నాలుగు ముక్కలు మాట్లాడే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను. ప్రస్తుతం టెక్సాస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఆర్నెల్ల మకాం. మొన్న మంగళవారం, రెండో తరగతి చదివే మా మనవరాలు ఎగవేతదారుల జాబితాకెక్కింది.

బాకీ 6 డాలర్ల 20 సెంట్లు.

ఇక్కడ బడిలో మధ్యాహ్నం తిండి అందరికీ ఊరికే పెట్టరు. పిల్ల పేరు మీద ఒక ఖాతా ఉంటుంది. ట్రే పట్టుకుని వరసలో వెళ్లి చివర్న నంబరు నొక్కితే అందులోంచి డబ్బు పోతుంది. మా అల్లుడి కార్డుకు గడువు తీరిపోయిన సంగతి ఎవరూ చూసుకోలేదు. ఖాతా మైనస్‌లోకి వెళ్లి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అమ్మాయి టెన్షన్ పడింది గానీ నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. ఏడేళ్ల పిల్లకి ఓవర్‌డ్రాఫ్ట్! హామీదారు లేడు, సంతకం లేదు, మూడు నెలల జీతం స్లిప్పులు అక్కర్లేదు.

తాకట్టు దగ్గరే నాకు కాస్త సందేహం వచ్చింది. మేం ట్రాక్టరు మీద అప్పిస్తే ట్రాక్టరు కళ్లముందు ఉండేది. ఇక్కడ దేనిమీద అప్పిచ్చారో అది సాయంత్రం నాలుగింటికల్లా అరిగిపోతుంది.

అందుకే కొన్నిచోట్ల అరగకముందే జప్తు చేశారు. 2014 జనవరిలో సాల్ట్ లేక్ సిటీలోని ఒక ఎలిమెంటరీ స్కూల్లో, ఖాతాలో డబ్బు లేదని దాదాపు 40 మంది పిల్లల చేతుల్లోంచి ట్రేలు తీసేసుకున్నారు. ఒకరికి వడ్డించింది ఇంకొకరికి పెట్టకూడదు కదా, చెత్తబుట్టలో పారేశారు. 2019లో మిన్నెసోటాలోని రిచ్‌ఫీల్డ్‌లో 15 డాలర్లు దాటి బాకీ ఉన్న హైస్కూలు పిల్లలకీ ఇదే మర్యాద జరిగింది. ఒకప్పుడు మన సహకార బ్యాంకుల వాళ్లు బాకీ కట్టని రైతుల ఇళ్ల తలుపులు పీక్కుపోయేవాళ్లు. నిజమే, ఒప్పుకుంటాను. కానీ పీకిన తలుపుని ఆ ఇంటివాళ్ల ఎదుటే పొయ్యిలో పెట్టేవాళ్లు కాదు. జప్తు చేసిన ఆస్తి విలువ సున్నా అని రాస్తే మా ఆడిటర్ నన్ను బతకనిచ్చేవాడా?

అలబామాలో 2016లో ఒక పిల్లవాడి చేతి మీద 'నాకు లంచ్ డబ్బులు కావాలి' అని స్టాంపు వేసి ఇంటికి పంపారు. పక్కనే నవ్వుతున్న బొమ్మ కూడా ఉంది. మేమూ ఎగవేతదారుల ఫొటోలు బ్రాంచి గోడకి అంటించాం గానీ వాటికి నవ్వు తగిలించాలని తోచలేదు.

వీటన్నిటికన్నా నేను దండం పెట్టేది పెన్సిల్వేనియాలోని వయోమింగ్ వ్యాలీ వెస్ట్ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే అక్కడి సర్కారు బడుల్ని నడిపే స్థానిక సంస్థకి. 2019లో అక్కడ మొత్తం బాకీ 22 వేల డాలర్ల చిల్లర. దాదాపు వెయ్యి మంది తల్లిదండ్రులకి ఉత్తరాలు వెళ్లాయి. బాకీ కట్టకపోతే వ్యవహారం కోర్టుకెక్కి మీ పిల్లల్ని మీ దగ్గర్నుంచి తీసుకుపోయి ఫోస్టర్ కేర్‌లో, అంటే సర్కారు చూపించే పరాయి పంచన, పెట్టే ప్రమాదం కూడా ఉందని సారాంశం. తలుపులు పీకిన మావాళ్లు ఎంత అమాయకులో అప్పుడు తెలిసింది నాకు. ఇందులో ఇంకో సొగసుంది. ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలకి అమెరికా చట్టం ప్రకారం బడి భోజనం పూర్తిగా ఉచితం. అంటే పిల్లవాడికి ఉచితంగా అన్నం పెట్టాలంటే అమ్మానాన్నల్ని అడ్డు తొలగిస్తే చాలు!

ఫిలడెల్ఫియాకి చెందిన ఒక కాఫీ కంపెనీ అధిపతి ఆ మొత్తమంతా తానే కడతానన్నాడు. స్కూల్ బోర్డు అధ్యక్షుడు మొదట అక్కర్లేదన్నాడు. తల్లిదండ్రులకి స్తోమతుంది, వాళ్లే కట్టాలిట. తీరుస్తానంటే వద్దన్న అప్పులవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. ఊరూవాడా గోల చేశాక తప్పు ఒప్పుకుని ఆ డబ్బు తీసుకున్నారనుకోండి, అది వేరే సంగతి.

మరి అందరికీ ఉచితంగా పెట్టేస్తే పోలేదా అని మా అమ్మాయి అడిగింది. పోతుందమ్మా, పెద్ద విలువలే పోతాయి. జార్జియా రాష్ట్రం నుంచి ఇక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌కి వెళ్లిన జాక్ కింగ్‌స్టన్ 2013లోనే హెచ్చరించాడు. పిల్లల చేత పదో పరకో సెంట్లు కట్టించాలి, లేదా క్యాంటీన్ నేల ఊడిపించాలి, అప్పుడే ఏదీ ఊరికే రాదని తెలుస్తుందన్నాడు. 1946లో అధ్యక్షుడు ట్రూమన్ సంతకం పెట్టిన బడి భోజన చట్టంలో ఇది జాతీయ భద్రతకి సంబంధించిన విషయమని రాసి ఉంది. యుద్ధానికి పిలిచిన కుర్రాళ్లలో చాలామంది సరైన తిండి లేక పనికిరాకుండా పోవడం చూసి చేసిన చట్టం అది. అప్పట్లో చీపురు సంగతి వాళ్లకి తట్టలేదు పాపం.

కోవిడ్ కాలంలో ఒక ఘోరం జరిగింది. 2020 నుంచి 2022 జూన్ దాకా ఫారాలూ ఆదాయం లెక్కలూ అడక్కుండా దాదాపు ఏ పిల్లవాడు వచ్చినా అన్నం పెట్టారు. బాకీ లేదు, నోటీసు లేదు. మా వృత్తికి అంతకన్నా గడ్డుకాలం ఉండదు. అది చూసి కాలిఫోర్నియా, మెయిన్ రాష్ట్రాలు అలవాటు మానుకోలేక ఉచితంగానే కొనసాగించాయి. 2023లో మిన్నెసోటా అదే దారి పట్టబోతుంటే స్టీవ్ డ్రాజ్‌కోవ్‌స్కీ అనే రాష్ట్ర సెనేటర్ సభలో లేచి, మా రాష్ట్రంలో ఆకలితో ఉన్న మనిషి ఇంతవరకూ నాకు తగల్లేదన్నాడు. తాను పొద్దున ఒక సీరియల్ బార్ తిన్నాననీ, ఆ లెక్కన ఇప్పుడు తనకీ ఆకలేస్తున్నట్టేననీ వివరించాడు. అయినా బిల్లు నెగ్గింది.

మన దగ్గర ఈ పేచీ లేదు. సుప్రీంకోర్టు 2001లో ఆదేశిస్తే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి సర్కారు బడుల్లో వండి పెడుతున్నారు. పిల్లవాడు బాకీ పడదామన్నా పడలేడు. అయితే బాకీ అనేది అంత తేలిగ్గా చచ్చేది కాదు, మనిషిని మారుస్తుందంతే. ఇక్కడ పిల్ల బడికి బాకీ, అక్కడ సర్కారు వంట చేసే ఆవిడకి బాకీ. బిల్లు నెలల తరబడి రాదు. పప్పూ నూనే కిరాణా కొట్లో ఖాతా మీద తేవాలి. ఆమెకి దక్కేది అప్పట్లో నెలకి 1000 రూపాయల గౌరవ వేతనం. అందులో గౌరవం ఎంతో, వేతనం ఎంతో విడదీసి రాయలేదు.

అలాంటి ఆవిడ ఒకామె ఒకసారి మా బ్రాంచికి చెవి కమ్మలు పట్టుకొచ్చింది. గోల్డ్ లోన్ ఫారంలో అప్పు దేనికో రాయాలి.

"దేనికమ్మా?"

"గుడ్లకి సార్."

కోళ్ల పెంపకం అని రాసుకున్నాను. బడి పిల్లలకి వారానికి రెండుసార్లు పెట్టాల్సిన గుడ్లని తర్వాత తెలిసింది. గడువు దాటాక నోటీసు ఆమెకే పంపాను. సర్కారుకి పంపే నోటీసు ఫారం మా దగ్గర లేదు.

సరే, మనవరాలి బాకీ సంగతి. అమ్మాయి ఫోన్‌లోనే కట్టేసింది, పైన 2 డాలర్ల చిల్లర ఫీజుతో సహా. ఇలాంటి చెల్లింపుల మీద సగటున 2 డాలర్ల 37 సెంట్లు గుంజుతున్నారని ఇక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024లో లెక్క తేల్చిందిట. నెలంతటికీ ఒకేసారి వేసేవాడికి ఒక్క ఫీజు. చేతిలో ఉన్నప్పుడల్లా ఐదూ పదీ వేసేవాడికి ప్రతిసారీ ఫీజే. ఇంత చక్కటి ఆలోచన మా హెడ్డాఫీసుకి ఎందుకు రాలేదో!

సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చి ఆకలన్నది. పక్కన కూర్చునే అమ్మాయికి ఖాతాలో డబ్బుల్లేవని చల్లటి చీజ్ శాండ్‌విచ్ ఇచ్చారట. అది ఆమెకి పడదట. మనది తన పిజ్జాలో సగం ఇచ్చేసింది.

"తిరిగి ఎప్పుడిస్తానంది?" అని అడిగాను.

"ఏంటి తాతయ్యా?"

"పిజ్జా."

నావైపు విచిత్రంగా చూసింది.

"తినేసింది కదా!"